హోగా: పెరల్ హార్బర్‌లో మంటలార్పిన టగ్గు గురించి ఎవరికైనా తెలుసా?

అర్కాన్సా_అన్నయ్య
అందరికీ నమస్కారం. మేం ఉండేది లిటిల్ రాక్‌లో. మొన్న శనివారం పిల్లల్ని తీసుకుని నది అవతల నార్త్ లిటిల్ రాక్‌లో ఉన్న నౌకల మ్యూజియానికి వెళ్లాం. అక్కడ అందరూ చూసేది రేజర్‌బ్యాక్ అనే సబ్‌మెరైన్‌ని. నిచ్చెన దిగి, లోపలంతా తిరిగి పైకొచ్చాక మా ఏడేళ్లవాడు పక్కనున్న పొట్టి పడవను చూపించి, "నాన్నా, ఇది దాని పిల్లా?" అన్నాడు. నాకూ తెలియదు. బోర్డు మీద హోగా అని ఉంది. 1941లో హవాయిలోని అమెరికా నౌకాస్థావరం పెరల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసిన రోజున అక్కడే ఉన్న టగ్గు అట. పిల్లాడికి ఆకలి, మా ఆవిడకి ఎండ, పూర్తిగా చదవకుండానే వచ్చేశాం. ఇంటికొచ్చాక నెట్‌లో చూస్తే అక్కడో ముక్క ఇక్కడో ముక్క దొరుకుతోంది. మనవాళ్లలో ఓడల పిచ్చి ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు కదా, కాస్త వివరంగా చెప్పండి. ఇంతకీ టగ్గు అంటే ఏం చేస్తుంది?

చార్మినార్_చాయ్
పేరు భలే ఉంది అన్నా. "మంట ఆరుతుందా?" "హోగా!" "ఓడ కదులుతుందా?" "హోగా!" హైదరాబాదు వాడెవడో పెట్టినట్టుంది.

చరిత్ర_చదువరి
చాయ్‌గారూ, నవ్వించారు. ఆ మాట సూ తెగ వాళ్లది. వాళ్ల భాషలో చేప అని అర్థం. అమెరికా నేవీ హార్బర్ టగ్గులు చాలావాటికి అక్కడి ఆదివాసుల పేర్లో, మాటలో పెట్టేవారు.

అన్నయ్యగారికి ముందు పుట్టుపూర్వోత్తరాలు చెప్తాను. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, మారిస్ హైట్స్ దగ్గరున్న కన్సాలిడేటెడ్ షిప్‌బిల్డింగ్ యార్డులో కట్టారు. 1940 జూలై 25న పని మొదలైంది, డిసెంబర్ 31న నీళ్లలోకి దింపారు. 1941 మే 22న నార్‌ఫోక్‌లో సర్వీసులోకి వచ్చింది. నంబరు వైటీ-146. పొడవు సుమారు 100 అడుగులు. నార్‌ఫోక్ నుంచి పనామా కాలువ దాటి, కాలిఫోర్నియా తీరం పట్టుకుని, చివరికి పెరల్ హార్బర్ చేరింది. డిసెంబర్ 7 నాటికి సర్వీసులోకి వచ్చి ఏడు నెలలు కూడా కాలేదు. అంటే ఆ దాడిని చూసే సమయానికి కొత్త పెళ్లికూతురే.

టగ్_తాత
బాబూ అన్నయ్యా, టగ్గు ఏం చేస్తుందని అడిగావు కాబట్టి అది నేను చెప్తాను. విశాఖలో కళాసీగా చేరి సరంగుగా, అంటే టగ్గు నడిపేవాడిగా, దిగిపోయాను. ముప్పై ఒక్క ఏళ్లు టగ్గు మీదే.

పెద్ద ఓడ సముద్రంలో సింహం. హార్బర్‌లోకి రాగానే పిల్లి. ఎందుకో చెప్తాను విను. చుక్కాని పనిచేయాలంటే దాని మీదుగా నీళ్లు జోరుగా పారాలి. ఓడ నెమ్మదించిందంటే చుక్కాని తిప్పినా మాట వినదు. గాలి ఎటు కొడితే అటు, పోటు ఎటు లాగితే అటు. అప్పుడు మేం వెళ్తాం. ముక్కు దగ్గర ఒకటి, వెనకాల ఒకటి. అవసరమైతే నెట్టడం, అవసరమైతే మోకు కట్టి లాగడం. అంతే పని. వినడానికి చిన్నదే.

మా విశాఖ ఇన్నర్ హార్బర్‌కి దారి డాల్ఫిన్స్ నోస్ కొండ కిందినుంచి సన్నగా ఉంటుంది. పోర్టు ఓడలూ నేవీ ఓడలూ అన్నిటికీ ఆ సందే గతి. ఆ సందులో ఓడ అడ్డం తిరిగిందంటే లోపలున్నవి లోపలే, బయటున్నవి బయటే. నేను డ్యూటీలో ఉన్న ప్రతిరోజూ ఆ టెన్షన్ ఉండేది. పెరల్ హార్బర్‌కి కూడా దారి ఒక్కటే అని విన్నాను. చదువరమ్మా, నిజమేనా?

చరిత్ర_చదువరి
నిజమే తాతగారూ. హోగా కథంతా ఆ ఒక్క దారి మీదే నడుస్తుంది.

ఆదివారం ఉదయం 7.55కి మొదటి బాంబులు పడ్డాయి. అప్పుడు హోగా టెన్-టెన్ డాక్ దగ్గర కట్టేసి ఉంది. అది 1,010 అడుగుల పొడవున్న డాకు, అందుకే ఆ పేరు. టగ్‌మాస్టర్, అంటే టగ్గు నడిపే పెద్ద, జోసెఫ్ మెక్‌మానస్ అనే చీఫ్ బోసన్స్ మేట్ (డెక్ పనుల నావికుల్లో సీనియర్). దాడి మొదలైన పది నిమిషాల్లోపే మోకులు విప్పేసి బయల్దేరారు. ముందుగా నీళ్లలో పడ్డ ఇద్దరు నావికుల్ని పైకి లాగారు.

తర్వాత ఒగ్లాలా. ఇది మందుపాతరలు వేసే పాత ఓడ, హెలెనా అనే క్రూజర్‌కి పక్కనే ఆనుకుని కట్టి ఉంది. జపాన్ టార్పెడో ఒగ్లాలా అడుగునుంచి దూసుకెళ్లి హెలెనాకి తగిలింది. ఆ పేలుడు దెబ్బకి ఒగ్లాలా అడుగు పగిలిపోయింది. అది హెలెనా మీదికి ఒరిగితే రెండూ పోతాయి. టగ్గులు దాన్ని లాగి డాకుకి ఆనించాయి. కాసేపటికి అక్కడే పక్కకి దొర్లి మునిగింది. టార్పెడో తగలకుండానే భయంతో చచ్చిన ఓడ అని నావికులు జోకులు వేసుకున్నారు.

కాకినాడ_కుర్రోడు
భయంతో చచ్చిన ఓడ 😂 మా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు అలాగే, ఆడిట్ అన్న మాట వింటే చాలు.

చరిత్ర_చదువరి
దాన్ని తర్వాత పైకి తీసి, బాగుచేసి మళ్లీ పనిలో పెట్టారు కూడా. మీ ఆఫీసాయనకి ఆ మాట చెప్పండి.

ఇక వెస్టల్. ఇది రిపేర్ల ఓడ, అరిజోనా యుద్ధనౌకకి పక్కనే కట్టి ఉంది. అరిజోనా మందుగుండు అర పేలినప్పుడు వెస్టల్ కమాండర్ కాసిన్ యంగ్ ఎగిరి నీళ్లలో పడ్డారు. ఈదుకుంటూ వచ్చి, నూనె ఓడుతున్న ఒంటితో మళ్లీ ఓడెక్కి, వదిలి వెళ్లబోతున్న మనుషుల్ని ఆపి, ఓడని కదిలించమన్నారు. కానీ వెస్టల్ చుక్కానికి పనిచేసే స్థితి లేదు. టగ్గు వచ్చి దాని ముక్కుని మంటల్లోంచి పక్కకి లాగింది. ఆ టగ్గు నడిపినతను కొన్ని నెలల ముందు వరకూ వెస్టల్ మీదే పనిచేసినవాడు. వెస్టల్ ఐయియా వైపు వెళ్లి ఒడ్డెక్కి బతికిపోయింది. యంగ్‌కి అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు.

ఇంజన్‌రూమ్_ఇందిర
ఇక్కడ నేనూ ఒక మాట. మెరైన్ ఇంజనీర్‌ని, ప్రస్తుతం సెలవు మీద రాజమండ్రిలో ఉన్నాను. హోగా గురించి నాకు నచ్చేది దాని ఇంజన్. 1940లోనే డీజిల్-ఎలక్ట్రిక్. అంటే డీజిల్ ఇంజన్లు ప్రొపెల్లర్‌ని నేరుగా తిప్పవు. జనరేటర్లని తిప్పుతాయి. ఆ కరెంటుతో మోటారు తిరుగుతుంది, మోటారు ప్రొపెల్లర్‌ని తిప్పుతుంది.

దీంతో లాభం ఏంటంటే, ఆ రోజుల్లో చాలా డీజిల్ ఓడల్లో వెనక్కి వెళ్లాలంటే ఇంజన్‌నే ఆపి, వెనక్కి తిరిగేలా మళ్లీ స్టార్ట్ చేయాల్సి వచ్చేది. హార్బర్‌లో టగ్గు గంటకి వందసార్లు ముందుకీ వెనక్కీ వెళ్తుంది. ప్రతిసారీ ఇంజన్ ఆపి స్టార్ట్ చేస్తుంటే, దాన్ని స్టార్ట్ చేయడానికి సిలిండర్లలో నింపిపెట్టిన గాలి అయిపోతుంది, పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. డీజిల్-ఎలక్ట్రిక్‌లో ఇంజన్ తన మానాన తను తిరుగుతూనే ఉంటుంది, కరెంటు దిశ మారిస్తే చాలు. మండుతున్న ఓడకి పది అడుగుల దూరంలో నిలబడాలంటే ఇలాంటి కంట్రోల్ ఉండాలి.

టగ్_తాత
అమ్మా ఇందిరా, నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. నేను చేరిన కొత్తలో ఒక పాత టగ్గు ఉండేది. దానికి వెనక్కి వెళ్లమని చెప్పి, బీడీ ముట్టించి, సగం కాల్చాక వెనక్కి వెళ్లేది. పేరు చెప్పను, ఊరుకో.

నీళ్లు కొట్టడం గురించి ఒక ముక్క. టగ్గు పైనున్న గొట్టంలోంచి నీళ్లు జోరుగా ముందుకి కొడితే టగ్గు వెనక్కి జరుగుతుంది. తుపాకీ పేల్చినవాడి భుజం వెనక్కి తన్నినట్టు. కాబట్టి నీళ్లు కొడుతున్నంతసేపూ ఇంజన్‌తో ముందుకి నెడుతూ ఉండాలి. ఎక్కువ నెడితే మంటల్లోకి పోతావు, తక్కువ నెడితే నీళ్లు చేరవు. సరంగు చెయ్యి కంట్రోల్ మీదే ఉంటుంది, తీయడానికి లేదు. గంటసేపు చేస్తేనే భుజం పట్టేస్తుంది.

అర్కాన్సా_అన్నయ్య
తాతగారూ, ఇది నాకు ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకలేదు. ఇంతకీ ఆ ఒక్క దారి సంగతి ఏమైంది?

చరిత్ర_చదువరి
వస్తున్నా. నెవాడా.

ఆ రోజు బ్యాటిల్‌షిప్ రో, అంటే పెద్ద యుద్ధనౌకలు కట్టేసి ఉన్న వరస, నుంచి కదిలిన యుద్ధనౌక నెవాడా ఒక్కటే. కెప్టెన్ ఒడ్డున ఉన్నారు. ఓడలో ఉన్నవాళ్లలో సీనియర్ లెఫ్టినెంట్ కమాండర్ ఫ్రాన్సిస్ థామస్. మామూలుగా అలాంటి ఓడని కదిలించాలంటే టగ్గులు వచ్చి పక్కకి తిప్పాలి. ఆ రోజు టగ్గు లేకుండానే బయల్దేరింది. చీఫ్ బోసన్ ఎడ్విన్ హిల్ ఒడ్డు దిమ్మ మీదికి దూకి, మోకులు విప్పి, కదిలిపోతున్న ఓడ వెనకాల ఈది మళ్లీ ఎక్కాడు. తర్వాత లంగరు వదలబోతూ బాంబుకి చనిపోయాడు.

అది బయటికి వెళ్లే దారి పట్టగానే రెండో దఫా వచ్చిన జపాన్ విమానాలు చాలా దాని మీదే పడ్డాయి. బయల్దేరకముందే ఒక టార్పెడో తగిలింది, మొత్తం మీద కనీసం ఆరు బాంబులు కూడా తగిలాయి. అక్కడ మునిగితే తాతగారు చెప్పిన సందు మూసుకుపోయినట్టే. హాస్పిటల్ పాయింట్ దగ్గర ఒడ్డుకి ఎక్కించారు. కానీ వెనక భాగం ఇంకా నీటి ఒరవడికి తిరుగుతూనే ఉంది. మునిగిపోతున్న ఒగ్లాలా మీదున్న రియర్ అడ్మిరల్ ఫర్లాంగ్ టగ్గుల్ని నెవాడా దగ్గరికి పంపారు. హోగా వాళ్లు దాన్ని ఆనుకుని, ముందు భాగంలో మంటల మీద నీళ్లు కొడుతూనే, ఓడని దారికి అవతలి వైపుకి, వైపియో ఒడ్డుకి చేర్చడంలో సాయపడ్డారు. అక్కడ ఇసుకలో కూర్చుంది. దారి ఖాళీ.

నెవాడా కట్టినప్పుడే 27 వేల టన్నుల పైచిలుకు. హోగా పూర్తి బరువుతో 325 టన్నులు.

కాకినాడ_కుర్రోడు
అంటే చీమ ఏనుగుని లాగిందన్నమాట. సినిమా తీయాలి దీని మీద. పెరల్ హార్బర్‌ని కాపాడింది హోగానే!

సందేహాల_సుబ్బు
ఆగండి ఆగండి. కాకినాడ తమ్ముడు అప్పుడే దండ వేసేస్తున్నాడు. నెవాడా తనంతట తనే హాస్పిటల్ పాయింట్ ఒడ్డుకి ఎక్కింది కదా? తర్వాత నీటి ఒరవడి కూడా తిప్పింది అంటున్నారు. హోగా ఒక్కటే ఉందా అక్కడ? మిగతా టగ్గులు ఏం చేశాయి? బతికి మ్యూజియంలో చేరింది కాబట్టి మొత్తం పేరు దానికే పోయిందేమో.

చరిత్ర_చదువరి
సుబ్బుగారి ప్రశ్న న్యాయమైనదే. నేను "సాయపడ్డారు" అని రాసింది అందుకే. ఆ రోజు చాలా టగ్గులు పనిచేశాయి. హోగాకి సొంత అక్కలాంటి నోకోమిస్ కూడా ఉంది. కియోసాంక్వా ఉంది. సోటోయోమో అనే చిన్న టగ్గు తేలే డ్రైడాక్‌లో (ఓడల్ని నీళ్లలోంచి పైకెత్తి బాగుచేసే చోటు) షా అనే డిస్ట్రాయర్‌తో పాటు ఉంది. షా ముందు భాగం పేలిన ఫోటో మీరందరూ చూసే ఉంటారు, నిప్పుల పువ్వు విచ్చుకున్నట్టు ఉంటుంది. ఆ డాక్‌తో పాటు సోటోయోమో కూడా మునిగింది. తర్వాత బయటికి తీసి బాగుచేశారు.

హోగాకి ప్రత్యేకత ఆ తర్వాతి రెండు రోజులది అని నా అభిప్రాయం. నెవాడా దగ్గర పని అయ్యాక యుద్ధనౌకల వరసకి వెళ్లింది. మేరీలాండ్, టెనెస్సీ, అరిజోనా. ఆదివారం సాయంత్రం నుంచి మంగళవారం మధ్యాహ్నం దాకా అక్కడే, అరిజోనా మంటల మీదే. మనుషులు పదీ పన్నెండు మంది. అరిజోనాలో చనిపోయినవాళ్లు 1,177 మంది. 1942 ఫిబ్రవరిలో పసిఫిక్ ఫ్లీట్ అధిపతి అడ్మిరల్ నిమిట్జ్ టగ్‌మాస్టర్‌నీ సిబ్బందినీ మెచ్చుకుంటూ ప్రశంసాపత్రం ఇచ్చారు.

టగ్_తాత
సుబ్బూ, నీ అనుమానం మంచిదే కానీ ఒకటి చెప్పనా? టగ్గు ఎప్పుడూ ఒక్కటే ఏదీ చేయదు. నేను ముప్పై ఒక్క ఏళ్లలో వేల ఓడల్ని కట్టించాను. ఒక్కదాన్నీ "నేను" కట్టించలేదు. పైలట్ ఉంటాడు, అవతలి టగ్గు ఉంటుంది, ఒడ్డున మోకు అందుకునేవాడు ఉంటాడు. నువ్వన్నట్టు నీటి ఒరవడి కూడా ఉంటుంది. ఆ ఒరవడిని వాడుకోవడమే మా పని. దానితో కొట్లాడితే టగ్గు ఓడిపోతుంది.

అసలు ఆ మనుషుల సంగతి ఆలోచించు. నీళ్ల మీద నూనె మండుతోంది. పక్కన మందుగుండు ఉన్న ఓడ. టగ్గు చుట్టూ కట్టిన తాళ్లూ, చెక్కా అన్నీ కాలే సరుకే. మాకు ఒకసారి ఒక పాత సరుకు ఓడ మంటలార్పే డ్యూటీ పడింది. ఏ ఓడో ఏ కంపెనీదో అనవసరం. వాళ్లు లోపల ఏముందో నిజం చెప్పలేదు. మా వీల్‌హౌస్ (టగ్గు నడిపే గది) అద్దం వేడెక్కి చెయ్యి పెట్టలేకపోయాం. మా నీళ్లు మా మీదే కొట్టుకున్నాం చల్లబడ్డానికి. నాలుగు గంటలే. ఇంటికెళ్లాక మా ఆవిడ "ఏంటి, కనుబొమ్మలు ఏవి?" అంది. వీళ్లు రెండు రోజులు!

సందేహాల_సుబ్బు
ఒప్పుకున్నా తాతా. కనుబొమ్మల ముందు వాదన నిలవదు.

కాకినాడ_కుర్రోడు
ఇదే జపాన్ నౌకలు కదా తర్వాత మన వైజాగ్ మీదా కాకినాడ మీదా బాంబులేసింది? మా తాతమ్మ చెప్పేది, ఊరంతా పల్లెలకి పారిపోయారని.

చరిత్ర_చదువరి
దాదాపు, కానీ కాదు. పెరల్ హార్బర్ మీదికి వచ్చినవి ఆరు విమానవాహక నౌకలు: అకాగి, కాగా, సోర్యు, హిర్యు, షోకాకు, జుయికాకు. వాటిలో కాగా తప్ప మిగిలిన అయిదూ 1942 ఏప్రిల్‌లో హిందూ మహాసముద్రానికి వచ్చి కొలంబో మీద పడ్డాయి. విశాఖ, కాకినాడ మీద ఏప్రిల్ 6న బాంబులు వేసింది వేరే దళం, అడ్మిరల్ ఒజావాది. దాంట్లో విమానాలు మోసుకొచ్చినది ర్యూజో. అది పెరల్ హార్బర్‌కి వెళ్లలేదు. మీ తాతమ్మగారు చెప్పింది మాత్రం నిజమే, ఊళ్లు ఖాళీ అయ్యాయి. బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో అప్పటి బాంబు ఒకటి పెట్టారు, చూడొచ్చు.

ఇంజన్‌రూమ్_ఇందిర
యుద్ధం తర్వాత హోగా ఏమైందో ఎవరూ చెప్పలేదు. నాకైతే ఆ భాగమే ఇష్టం. 1944లో దాన్ని పెద్ద టగ్గుల వర్గంలోకి మార్చి వైటీబీ-146 అన్నారు. 1948లో నేవీ దాన్ని కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌కి అప్పిచ్చింది, ఫైర్‌బోటుగా. ఇంకా పంపులూ నీటి గొట్టాలూ బిగించారు. పేరు కూడా మారింది: మొదట పోర్ట్ ఆఫ్ ఓక్లాండ్, తర్వాత సిటీ ఆఫ్ ఓక్లాండ్. 1990ల మొదటి దాకా అక్కడే. లెక్క చూడండి: నేవీ టగ్గుగా ఏడేళ్లు, ఊరి అగ్నిమాపక పడవగా నలభై ఏళ్ల పైచిలుకు. మనం ఏమో రెండు రోజుల గురించే మాట్లాడుకుంటున్నాం.

ఇంకో సంగతి. డీజిల్-ఎలక్ట్రిక్ కాబట్టి పంపులకీ కరెంటు తనదగ్గరే పుడుతుంది. కొత్త ఉద్యోగానికి అది సరిగ్గా సరిపోయింది.

చరిత్ర_చదువరి
1989లో, ఇంకా ఓక్లాండ్‌లో ఉద్యోగం చేస్తుండగానే, అమెరికా ప్రభుత్వం దాన్ని జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తించింది. 1994లో నేవీకి తిరిగిచ్చారు. తర్వాత కాలిఫోర్నియాలోని సూసన్ బేలో పాత ఓడల వరసలో ఎండకీ వానకీ. 2005లో నార్త్ లిటిల్ రాక్‌కి ఇస్తామన్నారు. చేరింది 2015 నవంబర్‌లో. పదేళ్లు! తుప్పు బాగుచేయడానికీ, అంత దూరం తేవడానికీ డబ్బులు కావాలి కదా. చివరికి సముద్రం నుంచి నది ఎదురెక్కి వచ్చింది, తన ఇంజన్‌తో కాదు.

అన్నయ్యగారూ, మీవాడు "పిల్లా?" అని అడిగిన రేజర్‌బ్యాక్ సంగతి కూడా చెప్పండి వాడికి. 1945 సెప్టెంబర్ 2న టోక్యో బేలో జపాన్ లొంగుబాటు సంతకాలు పెట్టినప్పుడు అక్కడ ఉన్న సబ్‌మెరైన్లలో అదొకటి. ఆ తర్వాత టర్కీ నేవీలో మురత్‌రెయిస్ పేరుతో 2001 దాకా తిరిగింది. అమెరికాకి యుద్ధం మొదలైన రోజు చూసిన పడవ, ముగిసిన రోజు చూసిన పడవ, రెండూ సముద్రం లేని రాష్ట్రంలో పక్కపక్కన.

చార్మినార్_చాయ్
సముద్రం లేని ఊళ్లో ఓడల మ్యూజియం. మాకు హుస్సేన్ సాగర్‌లో ఒకటి పెట్టమనండి. హోగా?

కాకినాడ_కుర్రోడు
వైజాగ్ బీచ్‌లో కుర్సురా ఉంది కదా, దాని పక్కన మన టగ్గు ఒకటి పెడితే? తాతగారిని గైడ్‌గా పెట్టొచ్చు.

టగ్_తాత
పెడితే ఎవరు చూస్తార్రా తమ్ముడూ. సబ్‌మెరైన్‌కి టికెట్ కొంటారు, టగ్గు పక్కన నిలబడి ఐస్‌క్రీమ్ తింటారు. నేను నడిపిన మొదటి టగ్గు తుక్కుకి పోయింది, టన్నుల లెక్కన. వెళ్లి చూడలేదు. మా ఇంట్లో దాని ఇత్తడి గంట ఉందని కొందరు అంటుంటారు, నమ్మకండి.

వైజాగ్ అంటే గుర్తొచ్చింది. నెవాడా దారికి అడ్డం పడకూడదని వాళ్లు అంత కష్టపడ్డారని మీరు చెప్పుకున్నారు. మావాళ్లు హార్బర్ కట్టే రోజుల్లో రెండు పాత ఓడల్ని, జానస్, వెల్లెడ్‌సన్ అని, రాళ్లు నింపి కావాలనే ముంచారు, దారి దగ్గర, ఇసుక మేట వేయకుండా అడ్డుకట్టగా. ఒక చోట మునిగితే కొంప ముంచే ఓడ ఇంకో చోట మునిగి కొంప నిలబెట్టింది.

అర్కాన్సా_అన్నయ్య
అందరికీ ధన్యవాదాలు. రాత్రి మావాడికి ఇదంతా కథలా చెప్పాను. ఈది వచ్చి మళ్లీ ఓడెక్కినవాళ్లు ఇద్దరున్నారని (యంగ్, హిల్) వాడే లెక్కపెట్టాడు. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్దామని గొడవ. ఈసారి సబ్‌మెరైన్ వద్దట, "పిల్ల" చాలట. తాతగారూ, టగ్గు మీద ముందు ఏం చూడాలి? మాకు తెలిసిన కళ్లు లేవు.

టగ్_తాత
వీల్‌హౌస్ చూడకు, అందరూ అదే చూస్తారు. వెనక డెక్ మీద మోకు కట్టే ఇనుప దిమ్మలు ఉంటాయి. రంగు ఎన్ని కోట్లు వేసినా, ఏళ్ల తరబడి మోకు ఒరుసుకున్న దిమ్మ చేత్తో తడిమితే తెలుస్తుంది, నున్నగా ఒక వైపు దిగబడి ఉంటుంది. మా టగ్గుకి ఎడమ దిమ్మ అలా ఉండేది. దానికీ ఉందో లేదో తడిమి చూడు. మ్యూజియం వాళ్లు ముట్టుకోనివ్వకపోతే, విశాఖ నుంచి ఒక సరంగు అడగమన్నాడని చెప్పు.

ఇంకొకటి. టగ్గు మీద బిగుసుకున్న మోకు ఉంటే దానికి ఎదురుగా పిల్లాణ్ణి నిలబెట్టకు. మ్యూజియమైనా సరే. అలవాటు చెయ్యి.

అర్కాన్సా_అన్నయ్య
అలాగే తాతగారూ. వాడు ఇప్పటికే కుర్చీకి చున్నీ కట్టి సోఫాని లాగుతున్నాడు. వాళ్లమ్మ అరుస్తోంది, వెళ్లాలి. ఆదివారం దిమ్మ తడిమొచ్చి రాస్తాను.